ఎవరు తిండిబోతు?



గత క్రిస్మసు ప్రేమవిందులో నేనొక తప్పు చేసితిని. లావుగా నుండు పదమూడేండ్ల బాలుడొకడు మరల అన్నము అడుగగా, "ఆనాడు నువ్వు అక్కడ ఉంటే పన్నెండు గంపలు మిగిలేవి కావురా!" అంటిని. పంక్తి అంతయు నవ్వెను. వాడును నవ్వెను. ఆ మీదట వాడు ఆదివారపు బడికి రాలేదు. అందరు నిద్రించిన పిమ్మట వాడు చీకటిలో కుండ యొద్ద కూర్చుండి, ఆకలి లేకున్నను కడుపు నొచ్చువరకు తినుచున్నాడనియు, తరువాత ఏడ్చుచున్నాడనియు తల్లి నాతో చెప్పెను. అది మునుపే యున్నదట. నా మాట తరువాత హెచ్చినదట. వారిద్దరు సమ్మతించినందుననే ఇది వ్రాయుచున్నాను.

ఇది తిండిబోతుతనమను పాపమా? సామెతలు 23వ అధ్యాయము తిండిబోతులను గద్దించుట నిజమే. కాని ఆ గద్దింపు త్రాగుబోతులతో కూడి విందులలో మునిగినవారికి. సిగ్గుతో చీకటిలో తినువాడు వారిలోనివాడు కాడు.

అమెరికాలో స్టంకార్డు అను వైద్యుడు 1959లోనే ఈ అవస్థను వర్ణించెను. 2013లో అక్కడి మానసిక వైద్యుల సంఘము దీనిని ప్రత్యేకమైన వ్యాధిగా ఎంచెను. పిల్లలలో ఎంత తినిరన్నదానికంటె, ఆపుకొనలేకపోవుటయే ముఖ్యమైన గురుతు. లావైన ప్రతి బిడ్డకును ఇది యుండదు; సన్ననివారికిని రావచ్చును.

ఆ దేశమందలి మిన్నెసోటా రాష్ట్రములో 1998–99లో 31 పాఠశాలలలోని 4,746 మంది పిల్లలను పరిశీలించిరి. వారిలో తెల్లవారు, నల్లవారు, ఆసియా కుటుంబములవారు, ఆదిమజాతులవారు కలరు. బాలికలలో నూటికి ఇంచుమించు 30 మందిని తోటివారు, 29 మందిని ఇంటివారే ఒడలి బరువును గూర్చి ఎగతాళి చేసిరట. అయిదేండ్ల తరువాత చూడగా, ఎగతాళికి గురియైన బాలురలో ఇట్టి తిండి ఇతరులకంటె ఎక్కువగా మొదలైయుండెను. బాలికలు మాటిమాటికి తిండి మానుకొనువారైరి. కడుపు మాడ్చుకొనుట ఈ వ్యాధిని ఇంకను రేపును.

"ఇంటివారే" అను మాట నన్ను గ్రుచ్చెను. బొండాం, గుమ్మడికాయ అని మనము పెట్టునవి ముద్దుపేర్లే అనుకొందుము. ఆ పేరు మోయు బిడ్డను ఎన్నడైన అడిగితిమా?

సంఘపెద్ద ఒకరు, "అయ్యగారూ, ఆశానిగ్రహము ఆత్మఫలము కాదా?" అనిరి. అగును. ఫలము గనుకనే కొమ్మను కొట్టి రప్పింపలేము. బదరీవృక్షము క్రింద చావు కోరిన ఏలీయాను దూత గద్దింపలేదు. రెండుమారులు భోజనము పెట్టెను. "ఇక్కడ నీకేమి పని?" అను ప్రశ్న నలువది దినముల తరువాతనే వచ్చెను. మన ప్రభువునే జనులు తిండిబోతు అనిరని మత్తయి 11వ అధ్యాయములో నున్నది. ఆయన కంచమువైపు చూచినవారు ఆయనను చూడలేదు.

నేను ఆ యింటికి పోయి బాలుని క్షమాపణ అడిగితిని. వాడు పలుకలేదు. మూడు పూటల వేళకు అన్నము పెట్టుమనియు, పట్టణములో మనోవైద్యునికి చూపింతమనియు, నేనును తోడు వచ్చెదననియు తల్లితో అంటిని. ఆమె మాకిద్దరికిని వడ్డించెను. నా చూపు ఎటు పోవునోయని వాడు కనిపెట్టుచుండెను. నేను నా కంచమే చూచుచు తింటిని. మారు అన్నము నేనే ముందు అడిగితిని.