రథములో చదువుకొనుచున్న మనుష్యుడు

ధ్యానభాగము: అపొస్తలుల కార్యములు 8:26–40



యెరూషలేమునుండి గాజాకు పోవు అరణ్యమార్గమున ఒక రథము సాగిపోవుచుండెను. అందులో కూర్చున్నవాడు బడిపిల్లవాడు కాడు. ఐతియొపీయుల రాణియైన కందాకే ధనాగారమంతటిపైని అధికారము పొందిన పెద్ద ఉద్యోగి. అతని చేతిలో యెషయా గ్రంథమున్నది. దానిని పైకి చదువుకొనుచున్నాడు. ప్రక్కన గురువు లేడు, తోటి విద్యార్థి లేడు. ప్రయాణమే అతనికి పాఠశాల ఆయెను.

ఈ భాగమును మనము సాధారణముగా బాప్తిస్మమును గూర్చి బోధించుటకు తీసికొందుము. ఈ మాసము దానిని మరియొక వైపునుండి చూతము. వయస్సు వచ్చి, ఒక పనిలో స్థిరపడిన తరువాత, ఒంటరిగా పుస్తకము పట్టుకొని తెలియని సంగతి నేర్చుకొనుచున్న మనుష్యునిగా అతనిని చూతము. ఏలయనగా అట్టివారు నేడు మన సంఘములలో ఉన్నారు. మగ్గము ఆగిపోయినవాడు, మిల్లు మూతపడినవాడు, పిల్లల ఫీజులకై అప్పు చేసినవాడు, నలువది యేండ్ల ప్రాయమున కరెంటు పని నేర్చుకొందునని పాఠముల పుస్తకములు తెప్పించుకొని, రాత్రి భోజనమైన తరువాత దీపము దగ్గర కూర్చుండుచున్నాడు. అరుగుమీది వారు, "ఈ వయస్సులో ఓనమాలా?" అని నవ్వుదురు. భార్య పైకి ఏమియు అనకపోయినను, కట్టిన సొమ్ము ఏమగునో అని లోలోపల భయపడును. అట్టి సహోదరునికి ఈ వాక్యభాగము మూడు సంగతులు చెప్పుచున్నది. సంఘమునకును ఒక సంగతి చెప్పుచున్నది.

మొదటి సంగతి: ఆలస్యముగా నేర్చుకొనుట అవమానము కాదు.

ఫిలిప్పు నడిచి వచ్చినవాడు. ఆ ఉద్యోగి రథమెక్కినవాడు. చదువుచున్నది నీకు అర్థమగుచున్నదా అని బాటసారి అడిగినప్పుడు, "నన్నడుగుటకు నీవెవరవు?" అని అతడు అనవచ్చును. అనలేదు. దారి చూపువాడు లేనిదే నాకెట్లు తెలియునని ఒప్పుకొని, ఎక్కి కూర్చుండుమని వేడుకొనెను. తెలియదు అని చెప్పగల నోరే నేర్చుకొనువాని మొదటి పనిముట్టు. మోషే ఫరోయెదుట నిలిచినప్పుడు అతనికి ఎనుబది యేండ్లు. పేతురు వలలు విడిచి క్రొత్త పనికి పిలువబడినప్పుడు ఇల్లాలు గలవాడే. దేవుడు మనుష్యులను పిలుచునప్పుడు వయస్సును అడ్డుగా ఎంచలేదు. మన అరుగులు ఎందుకు ఎంచవలెను?

రెండవ సంగతి: ఎవరును చూడనిచోట నమ్మకముగా ఉండవలెను.

ఇంటియొద్ద చదువులోని కష్టము పాఠములో లేదు, ఒంటరితనములో ఉన్నది. బడిలో గంట కొట్టుదురు, హాజరు పిలుతురు. ఇంటిలో పుస్తకము మూసివేసినయెడల అడుగువాడు లేడు. ఈ పద్ధతి పెరిగిన చోటులలో ఒకదాని చరిత్ర మనకు బుద్ధి చెప్పును.

అమెరికా దేశమున పెన్సిల్వేనియా రాష్ట్రములో బొగ్గు గనులున్నవి. అక్కడి ఆవండేల్ గనిలో 1869 సెప్టెంబరు 6వ తేదీన మంటలు లేచెను. బయటికి వచ్చుటకు ఉన్నది ఒక్కటే దారి. ఆ దారి మూసికొనిపోగా 110 మంది చనిపోయిరి. తరువాత ప్రభుత్వము గనులపై చట్టములు చేసెను. 1885లో, గని మేస్త్రీలు పరీక్ష యిచ్చి యోగ్యతాపత్రము పొందవలెనని విధించెను. అయితే చిన్ననాటనే గనిలో దిగిన కూలివాడు పరీక్ష ఎట్లు వ్రాయగలడు? థామస్ ఫాస్టర్ అను పత్రికా సంపాదకుడు తన పత్రికలో గనివారి ప్రశ్నలకు జవాబులు ప్రకటించుచుండెను. దానినుండియే 1891లో స్క్రాంటన్ పట్టణమున తపాలా ద్వారా పాఠములు నేర్పు సంస్థ మొదలాయెను. చదువను వ్రాయను వచ్చినయెడల చాలును; లెక్కలు మొదటినుండి నేర్పుదురు. పాఠము తపాలాలో వచ్చును. పనివాడు ఇంటియొద్ద చదివి జవాబులు వ్రాసి పంపును. అక్కడి పంతులు దిద్ది తిరిగి పంపును. గనుల పాఠములతో మొదలైన ఆ చదువునకు కొద్ది యేండ్లలోనే కరెంటు పనియు చేరెను. ఆ స్క్రాంటన్ పట్టణములోనే 1886లో కరెంటు ట్రాము బండ్లు నడిచెను. అందుచేత దానికి విద్యుత్ నగరమని పేరు వచ్చెను.

ప్రియులారా, ఇందులో రెండు మాటలు గమనింపుడి. మొదటిది, ఆ చదువు వెనుక చనిపోయినవారున్నారు. పనివానికి తెలియకపోవుట ప్రాణములు తీయునని గ్రహించిన తరువాతనే ఆ పరీక్షయు, ఆ పాఠములును వచ్చెను. రెండవది, ఆ సంస్థలో చేరినవారు లక్షలకు లక్షలు, ముగించినవారు కొద్దిమంది. వారు తెలివి తక్కువవారు కారు. పగలు పనిచేసి అలసినవారు. బిడ్డకు జ్వరము వచ్చును, చుట్టములు వత్తురు, ఒక వారము పాఠము ఆగును, ఆ వారము నెల అగును. మన దేశములోను అంతే. 1982లో హైదరాబాదున సార్వత్రిక విశ్వవిద్యాలయము స్థాపింపబడెను. భారతదేశమున అట్టివానిలో అదే మొదటిది. ఇప్పుడు దానికి అంబేద్కరు గారి పేరున్నది. దానివలన ఎందరో పెద్దవారు ఇంటినుండి చదువుకొని పైకి వచ్చిరి. సగములో విడిచినవారును మన బంధువులలో ఉన్నారు.

గోపురము కట్టదలచినవాడు ముందుగా కూర్చుండి లెక్క చూచుకొనవలెనని ప్రభువు చెప్పెను (లూకా 14:28). కాబట్టి చేరకముందే లెక్క చూచుకొనుము. సొమ్ము లెక్క మాత్రమే కాదు, గంటల లెక్క. రాత్రి ఒక్క గంట, వారమునకు ఐదు రాత్రులు, ఎన్ని నెలలు? ఆ గంటను ఇంటివారందరి యెదుట నిర్ణయించుకొనుము. ఒక గంట చిన్నదే. కాని మిక్కిలి కొంచెములో నమ్మకముగా ఉండువానికే ఎక్కువ అప్పగింపబడును.

మూడవ సంగతి: కాగితము చాలదు, రథమెక్కి ప్రక్కన కూర్చుండువాడు కావలెను.

ఆ ఉద్యోగి చేతిలోని గ్రంథములో కొరత ఏమియు లేదు. అయినను దేవుడు ఫిలిప్పును పంపెను. కరెంటు పనిలో ఈ మాట ప్రాణముతో సమానమైనది. పుస్తకములో లెక్క నేర్చుకొనవచ్చును: 230 వోల్టుల కరెంటుపై 1000 వాట్ల ఇస్త్రీపెట్టె నాలుగు ఆంపియర్లకు కొంచెము పైగా తీసికొనును. ఇది కాగితముమీద తప్పు వ్రాసినయెడల పంతులు ఎర్ర సిరాతో దిద్దును. గోడలో తప్పు చేసినయెడల దిద్దువాడెవడు? ఇండ్లలో ప్రాణరక్షణకై పెట్టు స్విచ్చి ఒకటి కలదు. కేవలము 30 మిల్లీ ఆంపియర్లు దారి తప్పినంతనే అది కరెంటును నిలిపివేయును. 60 వాట్ల బల్బు తీసికొను దానిలో అది ఎనిమిదవ వంతైనను కాదు. మనుష్యుని గుండెకు అంత స్వల్పమైనదియు అపాయమే.

విద్యుత్తును గూర్చి గొప్ప సంగతులు కనిపెట్టిన మైకేల్ ఫారడే ఒక కమ్మరివాని కుమారుడు. లండనులో పుస్తకములకు అట్టలు కట్టు పని నేర్చెను. అట్ట కట్టుటకు వచ్చిన పుస్తకములనే చదివి, విద్యుత్తును గూర్చిన వ్యాసము చూచి, చేతనైన చిన్న పరికరములు చేసికొనెను. అయితే అంతటితో ఆగలేదు. 1812లో హంఫ్రీ డేవీ అను పండితుని ఉపన్యాసములు విని, వ్రాసికొన్నదంతయు అట్ట కట్టి ఆయనకు పంపెను. 1813లో ఆయన ప్రయోగశాలలో సహాయకుడుగా చేరి, సీసాలు కడుగుట మొదలుకొని నేర్చుకొనెను. 1831లో అతడు కనిపెట్టిన సూత్రముపైననే నేటి కరెంటు ఉత్పత్తి యంత్రములు తిరుగుచున్నవి. అతడు చిన్న సంఘమొకదానిలో పెద్దగా కూడ సేవచేసిన భక్తిపరుడు. పుస్తకము ఫారడేను తలుపువరకు తెచ్చెను. లోపల చేయి పట్టుకొని నేర్పినవాడు వేరుగా ఉన్నాడు.

కాబట్టి ఇంటియొద్ద చదువుకొను సహోదరుడా, నీ పాఠములు ముగిసినవని ఊరివారి మీటరు పెట్టెలు తెరవవద్దు. అనుభవముగల పనివానియొద్ద చేరుము. వైరింగు పనికి ప్రభుత్వపు అనుమతిపత్రము కావలసియున్నది, దానిని సంపాదించుకొనుము. అది లంచగొండుల అడ్డంకి అని కొందరందురు. కాని ఆ నియమమును ఆవండేల్ సమాధులతో పోల్చి చూడుము. ఫోనులో చూచిన పాఠము మంచిదే, అయితే ఫోను నీ చేయి పట్టుకొని, "ఆగుము, మెయిను కట్టలేదు" అని చెప్పదు.

ధర్మశాస్త్రములో ఒక చక్కని కట్టడ ఉన్నది. క్రొత్త యిల్లు కట్టువాడు, ఎవడైనను మిద్దెమీదనుండి పడి ఆ యింటిమీదికి ప్రాణదోషము రాకుండునట్లు, చుట్టు పిట్టగోడ కట్టింపవలెను (ద్వితీయోపదేశకాండము 22:8). ఎర్తు తీగ మన కాలపు పిట్టగోడ. అది లేకపోయినను దీపము వెలుగును, ఫ్యాను తిరుగును, ఇంటి యజమాని కూలి ఇచ్చివేయును. ఏ యేటికో ఇస్త్రీపెట్టె లోపలి తీగ తెగి ఇనుమునకు తగిలిన దినమున, ఆ తీగ ఉన్నదో లేదో తెలియును. అట్లే స్విచ్చి ఫేజు తీగకు పెట్టవలెను. న్యూట్రలు తీగకు పెట్టినను దీపము ఆరును. కాని ఆరిన దీపపు హోల్డరులో కరెంటు నిలిచియుండును. బల్బు మార్చుటకు చేయి పెట్టిన బిడ్డకు అది తెలియదు. ఫ్యూజు పోయినచోట లావు తీగ చుట్టినయెడల ఆ రాత్రికి వెలుగు వచ్చును, ఇల్లు కాలుటకు దారి తెరచుకొనును. ఈ తప్పులు యజమానికి కనబడవు. పనివాని మనస్సాక్షికి తెలియును, దేవునికి తెలియును. రాత్రి దీపము దగ్గర ఎవరును చూడకుండ నమ్మకముగా చదివినవాడే గోడలోపల ఎవరును చూడనిచోట నమ్మకముగా తీగ లాగును.

నాలుగవ సంగతి సంఘమునకు: ఫిలిప్పు ఎక్కడ?

ఆత్మ ఆజ్ఞాపింపగా ఫిలిప్పు పరుగెత్తి రథమును కలిసికొనెను. పిలువకమునుపే దగ్గరకు పోయెను. మన సంఘములలో ఇరువది, ముప్పది యేండ్లనుండి కరెంటు పని చేయుచున్న పెద్దలున్నారు. అయ్యలారా, మీ ప్రక్కన కూర్చుండుటకు ఒక పెద్దవయస్సు విద్యార్థిని రానీయుడి. మొదట నిచ్చెన పట్టుకొననీయుడి, తరువాత టెస్టరు పట్టుకొననీయుడి. వీడు నేర్చుకొన్నయెడల నా బేరములు పోవునని పని దాచుకొనవద్దు. మీకు దానిని నేర్పినవాడు దాచుకొనలేదు గదా.

ఇల్లాలా, ఆ ఒక్క గంట అతనికి విడిచిపెట్టుము; పాఠము ఎంతవరకు వచ్చెనని అడుగుచుండుము. అడుగువారుండినయెడల చదువు ఆగదు. ఇల్లాలే విద్యార్థినియైనయెడల, భర్త ఆ గంట పొయ్యి చూచుకొనవలెను. సంఘ పెద్దలారా, సాయంకాలము మందిరములో ఒక దీపము, ఒక బల్ల అట్టివారికి ఇచ్చినయెడల మనకు నష్టమేమి? అతడు పని నేర్చుకొని అనుమతిపత్రము తెచ్చుకొన్న తరువాత మందిరపు వైరింగు చేయించుకొని, "దేవుని పనియే గదా" అని కూలి ఎగవేయవద్దు. పనివాడు తన జీతమునకు పాత్రుడని చెప్పినవాడు మన ప్రభువే.

ఇక మనమందరము మన హృదయములను చూచుకొందము. మనలో ప్రతివాడును ఇంటియొద్ద చదువుకొను విద్యార్థియే. పరలోకమునుండి వచ్చిన పాఠము మన యింటిలో ఉన్నది. కొందరి యిండ్లలో అది తెరువని పార్సెలువలె అటకమీద ఉన్నది. కొందరు చదివిరి గాని, తమకు తెలియనిది ఎవరినైనను అడుగుటకు సిగ్గుపడిరి. కొందరు జవాబులన్నియు ఎరుగుదురు గాని, చేతితో ఒక్క పనియు చేయలేదు. వినువారు మాత్రమై యుండి తమ్మును తామే మోసపుచ్చుకొనవద్దని యాకోబు వ్రాసినది మనకే. ఆ ఐతియొపీయుడు చదివెను, అడిగెను, నమ్మెను, నీళ్లు కనబడినంతనే దిగెను. ఆ తరువాత ఫిలిప్పు మరల అతనికి కనబడలేదు. గురువు వెళ్లిపోయెను, అయినను శిష్యుడు సంతోషముతో తన త్రోవను సాగిపోయెను. మంచి గురువు నేర్పిన పని గురువు లేనప్పుడును నిలుచును.

ప్రార్థన: ప్రభువా, వడ్లవానియొద్ద పెరిగి చేతిపనిని ఘనపరచినవాడా, రాత్రివేళ అలసిన కన్నులతో చదువుకొను నీ బిడ్డలను బలపరచుము. వారి చేతులను అపాయమునుండి కాపాడుము. కనబడని తీగలోను నమ్మకముగా ఉండు మనస్సు వారికి దయచేయుము. వారి ప్రక్కన కూర్చుండుటకు మాలో ఫిలిప్పులను లేపుము. ఆమేన్.