కాపాడువాని దుఃఖము

1917వ సంవత్సరము అక్టోబరు నెలలో డర్బన్ నగరమున ఉమ్గేని నది పొంగి, స్ప్రింగ్‌ఫీల్డు పల్లమున నివసించు భారతీయ కుటుంబములను ముంచివేసినది. ఆరుగురు భారతీయ మత్స్యకారులు పడవతో ఆ ప్రవాహములోనికి మరల మరల వెళ్లి 176 మందిని ఒడ్డునకు చేర్చిరి. ‘పడవతన్ ఆర్గురు’ అని వారిని నేటికిని స్మరించుచున్నాము. కాని చేయి అందక కొట్టుకొనిపోయినవారి కేకలను ఆ ఆర్గురు ఎంతకాలము మోసిరో ఆ లెక్క చెప్పదు.

నేడు ఆ పని అగ్నిమాపకదళము వారిది, అంబులెన్సు సిబ్బందిది, పోలీసులది. 2022 ఏప్రిల్ వరదలలో ఈ ప్రాంతముననే 400 మందికి పైగా మరణించిరి. బురదలోనుండి శవములను తీసినవారు మరునాడును పనికి వెళ్లవలసినవారే. అట్టివారిలో కొందరికి నిద్ర పట్టదు. చూచినదే కన్నుల ముందు మరల నిలుచును. ఇంటివారిపై అకారణముగా కోపము వచ్చును. 1980లోనే అమెరికా మనోవైద్యుల సంఘము దీనిని వ్యాధిగా గుర్తించినది. అయినను పనిచోట నోరు విప్పినవానికి పిరికివాడను పేరు వచ్చునను భయము కలదు. అందుచేత అతడు నవ్వుచు దాచుకొనును.

ధైర్యమనగా దుఃఖమును దాచుటయేనా? చెరకు తోటలలో మన పూర్వులు మౌనముగా ఓర్చుకొనిరని గర్వింతుము. ఆ మౌనమునకు వారి బలమొక్కటే కారణము కాదు; వినువారు లేకుండుటయు కారణమే. భగవద్గీత తొలి అధ్యాయము పేరు అర్జున విషాదయోగము. చేతి విల్లు జారుచున్నదని చెప్పుకొన్నవాడు విలుకాండ్రలో మేటి. కృష్ణుడు మొదట మందలించెను, నిజమే. కాని రథము దిగి పోలేదు. అతని సందేహములను తుదివరకు వినెను.

అట్లని బలవంతముగా చెప్పించుటయు మేలు కాదు. ఘోరము జరిగిన వెంటనే అందరిని కూర్చుండబెట్టి ఒక్కమారు మాటలాడించినంతనే వ్యాధి రాకుండ పోదని పరిశోధనలు తెలుపుచున్నవి. కావలసినది తొందరపెట్టక తోడుండు సహోద్యోగి, చెప్పుకొన్నందుకు పదోన్నతిని ఆపని అధికారి, అవసరమైనపుడు వైద్యుడు.

ఇంటికిని ఇందులో పాలు కలదు. యూనిఫారముతో వచ్చిన బిడ్డను “ఎందరిని కాపాడితివి?” అని అడుగుట మనకు అలవాటు. “నీకెట్లున్నది, నాయనా?” అని అడిగి, జవాబు వచ్చువరకు ప్రక్కన కూర్చుండుటయు ధర్మమే.