పూతకు ముందే

తొలకరి చినుకులు పడినంతనే వర్ధన్నపేట ప్రాంతమున పత్తిచేల గట్లపైన, ఖమ్మము బాటకు ఇరుప్రక్కల, బీళ్ళలో పచ్చని మొక్క యొకటి నేలనంటి లేచును. ఆకు క్యారెట్టు ఆకువలె చీలియుండును. నెల దాటినంతనే తెల్లని చిరుపూవులు విరియబూయును. చూపునకు సొగసే, అందుకే కాబోలు జనులు వయ్యారిభామ యని పేరిడిరి. మాచిపత్రిని తలపించును గాని పత్రియని కోసి పూజకు తేరాదు. నలిపినచో మాచిపత్రి పరిమళించును; దీని స్పర్శ కొందరికి దద్దురులను, పుప్పొడి ఆయాసమును కలిగించును.

అమెరికా ఖండపు ఈ మొక్క 1955 ప్రాంతమున పుణెలో కానవచ్చినది. ఒక్క మొక్క 10,000కు పైగా విత్తనములు రాల్చగలదు. పశువు దీనిని ఇచ్చగింపదు; మేసినచో పాలు చేదెక్కును. పచ్చిక నశించిన పిదప నందీశ్వరునికి మ్రొక్కువారి ఎద్దులు ఏమి మేయును?

పచ్చని ప్రాణిని పెరుకుట హింస కాదా యని శంకించు భక్తులు కలరు. శంక మంచిదే. కాని మేతలేని పశువును, ఊపిరాడని పసిబిడ్డను మరచి కలుపుపై చూపునది దయ యెట్లగును? తోటపని కాయకముగా గల గొగ్గయ్యకు అల్లమప్రభువు అంతరంగమను తోటను చూపెనని శూన్యసంపాదనము చెప్పును. అయినను గొగ్గయ్య పార మొదట త్రవ్వినది మట్టినే.

అసలు ప్రశ్న వేరు. ఎవరు పెరుకవలెను? యజమాని గట్టుపై నిలిచి, కూలి స్త్రీలచే వట్టిచేతులతో పెరికించుట కద్దు. సాయంకాలమునకు దురద వారిది, శుభ్రమైన పొలము ఇతనిది. కాయకమున హెచ్చుతగ్గులు లేవన్న బసవేశ్వరుని భక్తులకు ఇది తగునా? బసవపురాణకర్త సోమనాథుని పాల్కురికి ఇచ్చటికి దూరము కాదు. యజమానియు వంగవలెను, అందరికిని చేతితొడుగులు, ముక్కునకు గుడ్డ సమకూర్పవలెను.

వాన వెలిసి నేల మెత్తబడినపుడు, పూతకు ముందే వేరుతో పెరుకవలెను. పూయని మొక్కలను పేడతో గోతిలో కుళ్ళబెట్టిన ఎరువగును. పూచినవానిని అందు కలుపరాదు. బీళ్ళలో తగిరిస చల్లిన అది దట్టముగా పెరిగి దీనినణచును. 1984లో బెంగుళూరున విడిచిన మెక్సికో పెంకుపురుగు వానకాలమున ఆకులను తినును గాని వేసవిలో నేలలో దాగును; దానిపైననే భారము వేయరాదు.

గట్టునకు యజమాని కలడు. మఠము గోడ ప్రక్కన, బడి వెనుక, రుద్రభూమి బాటన మొలచినదానికి ఎవరును లేరు. ఐనవోలు మల్లన్న జాతర సంక్రాంతికి గదా. అంతవరకు ఆగినచో విత్తు రాలిపోవును. ఆషాఢమున ఒక సోమవారము పూజానంతరము ఆ చోటులకు పోవలెను. రాలిన విత్తు నేలలో ఏండ్లు నిలుచును గనుక మరుసటి ఆషాఢమునను పోవలసియుండును.