ఉమ్మడి లెక్క

మా కాసిపేటలో రావిపండ్ల రోజుల్లో చెట్టు కింద నిలబడి చూస్తే ఆకులు తప్ప ఏమీ కనిపించవు. ఎవరో మెల్లగా ఈల వేస్తున్నట్టు వినిపిస్తుంది, అంతే. కాసేపు ఓపిక పడితే ఒక ఆకు నడుస్తుంది! అదే పచ్చపావురం. పసుపు రాసుకున్నట్టుండే కాళ్ళు, బూడిదరంగు తల, భుజాన లేత ఊదా మచ్చ. చెట్టు మీది పండే దానికి అన్నం. కింద బొగ్గు లారీలు దుమ్ము లేపుకుంటూ పోతున్నా పైన దాని పని దానిదే.

దీని దాయాదుల కథ చదివాక నాకో సందేహం పట్టుకుంది. పశ్చిమ కనుమల్లో, సింహళంలో, అస్సాం నుంచి ఇండోచైనా దాకా, అండమాన్‌లో, ఫిలిప్పీన్స్‌లో, ఇండోనేషియాలోని బురు దీవిలో ఉండే కొన్ని పచ్చపావురాలను పండితులు చాలాకాలం ఒకే జాతి కింద కట్టారు. పేరు పాంపడోర్, ఫ్రెంచిరాజు పదిహేనో లూయీ ప్రియురాలిది. మేడిపండ్లు తినే పిట్టకు ఆవిడ పేరెందుకో! ఇప్పుడు తల రంగూ, తోక కింది రంగూ, కూతా చూసి ఆరు జాతులుగా లెక్కిస్తున్నారు.

పిట్టలకు దీనితో పనేమిటంటారా? 2016లో ఆదిలాబాద్ జిల్లాను నాలుగు చేసి మమ్మల్ని మంచిర్యాలలో వేశారు. చిరునామా మారింది, గని గనిలాగే ఉంది. కానీ లెక్క మారితే చూపు మారుతుంది సుమా! అన్నీ ఒకటే అన్నన్నాళ్ళూ "బోలెడున్నాయి, దిగులెందుకు" అనుకోవచ్చు. బురు దీవిలో అడవి నరికినా మొత్తం పద్దులో అది తేలదు. విడిగా రాస్తేనే, ఆ పిట్టకు ఆ ఒక్క దీవే ఇల్లని తెలుస్తుంది.

ఇక్కడే నాకు ఉమ్మడి కుటుంబాలు గుర్తొస్తాయి. "ఇంట్లో పద్నాలుగు మందిమి, ఎవరికీ లోటు లేదు" అంటారు పెద్దాయన, అరుగు మీద కూర్చుని. నిజమే, బియ్యానికి లోటు లేదు. మూడో కోడలు అందరూ తిన్నాక అడుగంటిన పప్పుతో సరిపెట్టుకుంటోందని ఆ లెక్కలో ఎక్కడ రాస్తారు? వేరు పడితే సంసారం చెడిందంటారు గాని, ఆ పిల్ల ఆకలి నలుగురి కంటా పడేది అప్పుడే. అలాగని విడిపోవడమే మేలని నేననను. వేరు పడ్డ ఇంట్లో అత్తగారికి జ్వరమొస్తే మంచినీళ్ళిచ్చే చెయ్యి కరువు. కలిసే ఉంటూ ఒక్కొక్కరినీ విడిగా చూడలేమా?

ఈ మాటే పక్క క్వార్టరు వదినెతో అంటే, "మనకు రేషన్ కార్డుంది కదా, అందులో పేర్లు విడివిడిగానే రాస్తారుగా!" అంది.

రాస్తారు. బియ్యం మాత్రం ఒకే సంచీలో పోస్తారు.