దస్త్రము ఎవరి పెట్టెలో ఉండవలెను?



మన నల్లగొండ, పాలమూరు పల్లెలలో డెబ్బది యేండ్లు దాటిన పెద్దలకు పట్వారీ ఇల్లు బాగుగా జ్ఞాపకముండును. ఊరి పహాణీలు, శిస్తు లెక్కలు ఆయన యింటనే యుండెడివి. భూమి రైతుదే, అది రైతుదని చెప్పు కాగితము మాత్రము పట్వారీ పెట్టెలో నుండెను. నకలు కావలసినవాడు ఆ గడప యొద్ద చేతులు కట్టుకొని నిలువవలసి వచ్చెను. ఎన్.టి. రామారావు గారు ముఖ్యమంత్రిగా నుండగా 1984 జనవరిలో ప్రభుత్వము ఆ పటేల్ పట్వారీ పదవులను రద్దు చేసెను. 1985లో సుప్రీంకోర్టు ఆ రద్దు చెల్లునని తీర్పు చెప్పెను.

ఆ పెట్టె పోయినది గాని, దానివంటి మరియొక పెట్టె వచ్చినది. ప్రభుత్వోద్యోగి కార్యాలయపు పనిని తన స్వంత ఈమెయిలులో, తన ఫోనులోని వాట్సాప్‌లో జరిపినయెడల, ప్రజల కాగితము మరల ఒకని యింటి పెట్టెలో పడినట్టే.

ఇక్కడ ఒక ప్రశ్న పుట్టును. ఆ అధికారి లంచమెరుగని మంచివాడైతే తప్పేమి? ఒక విధవరాలు తన భర్త భూమి విరాసత్ కొరకు కాగితములను అట్టి మంచి అధికారి ఫోనునకు పంపినదనుకొందము. ఆయన చూచెను, చేసెదనని జవాబిచ్చెను. పది దినములలో ఆయనకు బదిలీ ఆయెను. కొత్త అధికారి కార్యాలయములో వెదకగా ఆమె పేరట ఒక్క కాగితమును లేదు. మొదటి అధికారి అబద్ధమాడలేదు, పైస తీసికొనలేదు. అయినను ఆమె నష్టపోయెను. ఆయన మంచితనము ఆయనతోకూడ బదిలీ అయిపోయెను. దస్త్రము కుర్చీది, మనిషిది కాదు. అది స్వంత పెట్టెలో నున్నంతకాలము మన హక్కు ఆయన దయగా మారిపోవును.

ఈ సంగతి పై కోర్టుల వరకును వెళ్లినది. అధికారులు జీమెయిల్ వంటి బయటి ఈమెయిళ్లలో ప్రభుత్వపు పని జరుపుట 1993 నాటి ప్రభుత్వ దస్త్రముల చట్టమునకు విరుద్ధమని కె.ఎన్. గోవిందాచార్య గారు ఢిల్లీ హైకోర్టులో వాదించిరి. 2015 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వము తన ఉద్యోగులు ప్రభుత్వ ఈమెయిలునే వాడవలెనని విధానము ప్రకటించెను. 2005 నాటి సమాచార హక్కు చట్టము సమాచారమనగా ఏమో చెప్పుచు ఈమెయిళ్లను కూడ పేరు పెట్టి చేర్చినది. అయితే కార్యాలయములో లేని ఉత్తరమును ఏ గుమాస్తా వెదకి ఇయ్యగలడు?

అమెరికాలో హిల్లరీ క్లింటన్ గారు 2009 నుండి 2013 వరకు విదేశాంగ మంత్రిగా నుండి, స్వంత ఈమెయిలులోనే ప్రభుత్వపు పని నడిపిరి. పిమ్మట సుమారు 30 వేల ఉత్తరములు ప్రభుత్వమునకు అప్పగింపబడెను. స్వంతవని యెంచిన మరి 30 వేలకు పైగా తుడిచివేయబడెను. 2016లో ఆమెపై నేరము మోపబడలేదు. కాని ఏది ప్రభుత్వపుది, ఏది స్వంతమని ఏరినవారు ఆమె పక్షపు మనుష్యులే. పట్వారీ యింటను జరిగినది ఇదియే గదా!

ఎజ్రా గ్రంథము 5, 6 అధ్యాయములు చదువుడి. యెరూషలేములో ఆలయము కట్టుచున్నవారిని, మీకు సెలవిచ్చినదెవరని అధికారులు అడిగిరి. సెలవిచ్చిన కోరెషు రాజు అప్పటికే మరణించెను. దర్యావేషు రాజు వెదకించగా, మాదీయుల ప్రదేశములోని రాజనగరులో ఆ ఆజ్ఞ వ్రాసియున్న గ్రంథము దొరికెను. పని ఆగలేదు. కోరెషు దానిని తన స్వంత పత్రముగా నుంచుకొనియుండిన, ఆ బీద జనుల మాటకు సాక్ష్యమేది?

ప్రభుత్వ ఈమెయిలు కొన్నిసార్లు తెరుచుకొనదనియు, పని ఆలస్యమగుననియు అధికారులు చెప్పుదురు. అది నిజమే కావచ్చును. చెరువు కట్ట తెగిన రాత్రి అధికారి స్వంత ఫోనునుండి కబురు పంపినయెడల ఎవరు తప్పు పట్టుదురు? మరునాడు ఆ కబురును కార్యాలయ దస్త్రములో చేర్చిన చాలును.

మన వంతును కలదు. “సారు నంబరు నా దగ్గర ఉన్నది” అని మనము గొప్పగా చెప్పుకొనుచున్నాము. ఆ నంబరు లేని పొరుగువాడు ఏమి చేయవలెను? కాబట్టి అర్జీని కార్యాలయములోనే ఇయ్యుడి. రసీదు అడిగి తీసికొనుడి. అట్లే మన సంఘపు చందా పుస్తకము, తీర్మానముల పుస్తకము ఎవరి యింట నున్నవో ఈ మాసపు కూడికలో అడుగుడి. అడిగినవారిమీద కోశాధికారి కోపపడనక్కరలేదు. ఆయన మంచివాడైనను అవి సంఘపు బీరువాలోనే యుండవలెను.