మేస్త్రీ మాటకు ప్రమాణం ఏమిటి?

లారీ మెకానిక్ గురించి రాయబోతే కలానికి ముందుగా తగిలే మాట ‘బతుకు బండి’. గాలి తగ్గిన టైరును కుంగిన మనసుతోనూ, బ్రేకును ఇంద్రియ నిగ్రహంతోనూ ముడిపెట్టి నాలుగు పేజీలు నింపడం పెద్ద పనేమీ కాదు. మన ఉపన్యాసకులు ఆ పని చేస్తూనే ఉంటారు. షెడ్డులో మేస్త్రీ మాత్రం అలా మాట్లాడడు. ‘ఘాట్‌లో న్యూట్రల్ కొట్టకు’, ‘దూరం నుంచి వచ్చిన బండిని ఠక్కున ఆపెయ్యకు, కాసేపు ఆడనివ్వు’, ‘కాగిన రేడియేటర్ మూత ముట్టుకోకు’, ‘చక్రం మార్చాక కొంత దూరం పోయి నట్లు ఇంకోసారి బిగించు’ అంటాడు. ఈ మాటలను ఉపమానాలుగా మార్చి జీవితానికి అతికించనక్కర్లేదు. ఒక మనిషి ఇంకొక మనిషికి చెప్పే సలహా ఎలా ఉండాలో అవి ఉన్నవి ఉన్నట్టుగానే చూపిస్తాయి. అవి ఎందుకు నమ్మదగినవో తేల్చుకుంటే, ఇళ్ళల్లో, ఆఫీసుల్లో రోజూ ఉచితంగా దొరికే సలహాల్లో ఎన్ని నమ్మనక్కర్లేదో కూడా తేలుతుందని నా వాదన.

ఇంజన్ను కాసేపు ఆడనిచ్చి ఆపమనడమే తీసుకోండి. టర్బోచార్జర్ ఇరుసు నిమిషానికి లక్ష చుట్లకు అటూ ఇటూగా తిరుగుతుంది. దాన్ని మోసేది బేరింగులో పారే ఇంజన్ ఆయిల్ పలుచటి పొర. సైలెన్సర్ వైపు పోయే మంట లాంటి పొగ ఆ ఇరుసు ఒక చివరను తిప్పుతూ ఉంటుంది. లోడుతో ఎత్తెక్కి వచ్చిన బండిని వెంటనే ఆపేస్తే ఆయిల్ పంపు ఆగిపోతుంది కానీ వేడి ఎక్కడికీ పోదు. బేరింగులో నిలిచిపోయిన ఆయిల్ మాడి గట్టి మసిగా పేరుకుంటుంది. ఒక్కసారికి ఏమీ కాదు. పదే పదే జరిగితే టర్బో పోతుంది. రెండు మూడు నిమిషాల నిదానం వెనక ఉన్న కారణం ఇంతే. చక్రం నట్ల సంగతీ ఇలాంటిదే. కొత్తగా బిగించిన చోట రంగు, తుప్పు, దుమ్ము మధ్యలో నలిగి అణిగాక బిగువు కొంత వదులవుతుంది, అందుకే ఇంకోసారి పానా పెట్టాలి. మేస్త్రీ సలహా చూడటానికి ఆజ్ఞలా ఉంటుంది. అడిగితే దాని కింద కారణం బయటపడుతుంది.

పరాయి మనిషి మాటను ఎప్పుడు నమ్మాలన్న ప్రశ్న మనకు కొత్తది కాదు. తర్కాన్ని చర్చించే ప్రాచీన న్యాయశాస్త్రం ప్రత్యక్షం, అనుమానం, ఉపమానాలతో పాటు శబ్దాన్ని కూడా ప్రమాణంగా ఒప్పుకుంది. శబ్దమంటే ఆప్తుడి మాట. ఆప్తుడెవరు? గౌతముడి సూత్రాలకు భాష్యం రాసిన వాత్స్యాయనుడు ఇక్కడ కులాన్నీ వయసునూ పట్టించుకోలేదు. విషయాన్ని స్వయంగా తెలుసుకున్నవాడై, తెలిసింది తెలిసినట్టు చెప్పాలన్న కోరిక ఉన్నవాడు ఆప్తుడన్నాడు. ఈ లక్షణం ఋషులకు, ఆర్యులకు, మ్లేచ్ఛులకు సమానంగా వర్తిస్తుందని కూడా చేర్చాడు. ఆ చేర్పు నాకు చాలా విలువైనదిగా కనిపిస్తుంది. బడి మధ్యలో మానేసి, పదీ పదకొండు, పన్నెండూ పదమూడు పానాలు అందించడంతో పని మొదలుపెట్టి, నాలుగైదేళ్ళకు ఇంజన్ దించే స్థాయికి వచ్చిన విజయవాడ ఆటోనగర్ మేస్త్రీ ఈ నిర్వచనంలో ఏ వెసులుబాటూ అడక్కుండా ఇముడుతాడు.

అదే శాస్త్రం అనుమానానికి, అంటే గుర్తును బట్టి తేల్చుకోవడానికి, వాడే ఉదాహరణ అందరికీ తెలిసిందే: కొండ మీద పొగ కనిపిస్తే అక్కడ నిప్పు ఉంది. మేస్త్రీ కూడా పొగను చూసే చెబుతాడు. నల్ల పొగ వస్తే డీజిల్‌కు తగ్గ గాలి అందడం లేదు, ఎయిర్ ఫిల్టర్, టర్బో గొట్టాలు, నాజిళ్ళు చూడాలి. నీలి పొగ అయితే ఇంజన్ ఆయిల్ మండుతోంది, బహుశా బోరుకు వచ్చింది. తెల్లపొగ అయితే కాలని డీజిల్ కావచ్చు, హెడ్ గ్యాస్కెట్ పోయి నీళ్ళు సిలిండర్లోకి దిగుతూ ఉండొచ్చు. అంతటితో ఊరుకుంటే అది పుస్తకంలోనూ దొరికేదే. అనుభవమున్నవాడు ఇంకో మాట కలుపుతాడు: చలికాలం పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు వచ్చే తెల్లపొగను లెక్కచెయ్యకు, ఇంజన్ వేడెక్కాక కూడా వస్తే అప్పుడు రా. తార్కికులు ఈ ‘అప్పుడు’ను శ్రద్ధగా పట్టించుకున్నారు. నిప్పున్న చోటల్లా పొగ ఉంటుందంటే తప్పు, తడి కట్టెలు ఉంటేనే పొగ వస్తుంది. ఆ తడికట్టె లాంటి దాగిన షరతును ఉపాధి అన్నారు. మంచి సలహా తన ఉపాధిని తనతోపాటే తీసుకొస్తుంది. చెడ్డ సలహా దాన్ని దారిలో పారేసుకుని, అందరికీ అన్ని కాలాల్లో వర్తించే సూక్తిగా ఇంటికి చేరుతుంది.

దీనికి అన్నిటికంటే గట్టి నిదర్శనం న్యూట్రల్. ఒడిశాలోని పొట్టంగి వైపు నుంచి సాలూరుకు దిగే ఘాట్ రోడ్డు లారీవాళ్ళకు కొత్త కాదు. సాలూరు ఊరే లారీల మీద బతికిన ఊరు, రాయపూర్ దారిలో అక్కడి బళ్ళు ఎప్పుడూ కనిపిస్తాయి. ఇరవై ఎనిమిదిన్నర టన్నుల మొత్తం బరువుతో ఒక పది టైర్ల లారీ ఐదు వందల మీటర్ల ఎత్తు నుంచి దిగుతోందనుకుందాం. ఆ దిగుడులో బండి వదిలించుకోవాల్సిన శక్తి, దాదాపు నాలుగు లీటర్ల డీజిల్ పూర్తిగా మండితే వచ్చే వేడికి సమానం. గేరులో ఉంటే అందులో పెద్ద వాటా ఇంజన్ మింగుతుంది. న్యూట్రల్‌లో ఉంటే దాదాపు అంతా బ్రేక్ డ్రమ్ముల మీద పడుతుంది. కాగిన డ్రమ్ము వ్యాకోచించి లైనర్‌కు దూరమవుతుంది, లైనర్ పట్టు తగ్గుతుంది, మాటిమాటికీ తొక్కడం వల్ల ట్యాంకులో గాలి కూడా పడిపోతుంది. తొక్కిన కాలికి బ్రేకు తగలని స్థితి ఇలా వస్తుంది. డ్రైవర్ వైపు నుంచి వచ్చే జవాబు డీజిల్ మిగులుతుందని. ఘాట్ మీద అది కూడా నిజం కాదు. గేరులో ఉండి యాక్సిలరేటర్ వదిలేస్తే పాత మైకో డీజిల్ పంపులోని గవర్నరే డీజిల్ కట్ చేసేది, ఇప్పటి కంప్యూటరూ అదే చేస్తుంది. న్యూట్రల్‌లో మాత్రం ఇంజన్ ఆగిపోకుండా ఉండటానికి డీజిల్ తాగుతూనే ఉంటుంది. అయితే కాస్త వాలుగా ఉన్న తిన్నని రోడ్డు మీద న్యూట్రల్‌లో బండి ఎక్కువ దూరం జారుతుంది, అక్కడ చుక్కో రెండు చుక్కలో మిగలొచ్చు. డ్రైవర్ల నమ్మకం గాలిలోంచి పుట్టలేదు. చిన్న వాలులో నిజమైనదాన్ని ఘాట్ మీదికి మోసుకెళ్ళడంలో అది అబద్ధమైంది.

ఇక్కడ ఒక బలమైన అభ్యంతరం ఉంది. బండే మారిపోయాక పాత మేస్త్రీ అనుభవం ఏం చేసుకోవాలి? ఈ ప్రశ్నను తేలిగ్గా తీసెయ్యలేం. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా అమ్మే కొత్త బళ్ళకు బీఎస్-6 ప్రమాణాలు వచ్చాయి. లారీల్లో కామన్ రైల్ ఇంజన్లు, పొగను శుద్ధి చేసే యూరియా ద్రావణం ట్యాంకు, సైలెన్సర్‌లో మసి పట్టే ఫిల్టర్ మామూలైపోయాయి. పాత ఇంజన్లో ఏ సిలిండర్ పనిచేయడం లేదో కనిపెట్టడానికి మేస్త్రీ నాజిల్ పైపుల నట్లు ఒక్కొక్కటీ వదులు చేసి శబ్దం వినేవాడు. ఏ నట్టు వదిలినప్పుడు శబ్దం మారదో ఆ సిలిండర్ చచ్చినట్టు. ఎంత అందమైన పరీక్ష! అదే పని కామన్ రైల్ బండికి చేస్తే ప్రాణం మీదికి వస్తుంది. పాత నాజిల్ రెండు వందల బార్ దగ్గర తెరుచుకునేది, రైల్లో పదహారు వందల బార్‌కు పైగా ఒత్తిడి ఉంటుంది, ఆ ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. కొత్త డీజిల్ ఫిల్టర్‌లో డీజిల్ పోసి బిగిస్తే ఎయిర్ పట్టదన్నది కూడా పాత సలహాయే. మధ్య కంతలోంచి పోసిన డీజిల్ వడకట్టకుండానే శుభ్రమైన వైపు చేరుతుంది. పాత నాజిల్ కాస్త మురికిని ఓర్చుకునేది, కొత్త ఇంజెక్టర్ ఓర్చుకోదు.

కాబట్టి అనుభవానికి కాలం చెల్లిందా? నా లెక్కలో చెల్లింది అనుభవానికి కాదు, కారణం తెలియకుండా చేసిన అలవాటుకు. ఫిల్టర్ ఎందుకు నింపుతున్నాడో తెలిసినవాడు, కొత్త బండికి చేతి పంపు ఉందనీ ఎయిర్ తియ్యడానికి ఇప్పుడు వేరే దారి ఉందనీ చూడగానే తన సలహా మార్చుకుంటాడు. ‘మా గురువు ఇలాగే చేసేవాడు’ అనేవాడు మార్చుకోడు. మరోవైపు, స్కానర్ పట్టుకున్న కుర్రాడికి అనుభవం అక్కర్లేదన్నదీ పొరపాటే. రైల్లో ప్రెషర్ తక్కువగా ఉందని స్కానర్ చెబుతుంది. ఫిల్టర్ మూసుకుపోయిందా, ట్యాంకు నుంచి వచ్చే పైపు గాలి లాగుతోందా, పంపు అరిగిందా, ఇంజెక్టర్ కారుతోందా, లేక సెన్సర్ వైరే తెగిందా అన్నది చెప్పదు. వాటిలో దేన్ని ముందు చూడాలి, అతి తక్కువ ఖర్చుతో దేన్ని తోసిపుచ్చాలి అన్న క్రమం మేస్త్రీదే. కోడ్ చూసి ఇంజెక్టర్లు మార్చేసి, చివరికి వదులైన గొట్టం క్లిప్పు బిగించిన షెడ్ల కథలు ఏ ఆటోనగర్‌లోనైనా వినిపిస్తాయి.

రెండో అభ్యంతరం స్వార్థానికి సంబంధించినది. బండి చెడితేనే మేస్త్రీకి పని, అతన్ని ఆప్తుడని ఎలా అంటాం? అతను వేసే ఖర్చు అంచనాను అనుమానించడం తప్పు కాదు. మార్చిన పాత సామాను చూపించమని అడగడం యజమాని హక్కు. కానీ అంచనా వేరు, సలహా వేరు. రోజూ ఎయిర్ ట్యాంకు కింద కొళాయి తిప్పి నీళ్ళు వదలమనీ, బోరు నీళ్ళు పోయకుండా కూలెంట్ వాడమనీ, కమాన్ కట్టలకు గ్రీజు పెట్టించమనీ చెప్పే మాటల వల్ల అతని రాబడి తగ్గుతుంది తప్ప పెరగదు. అలాంటి మాటకు విలువ ఎక్కువ. అన్నిటికీ మించి, అతను చెప్పింది తప్పయితే బండి అదే షెడ్డుకు, కాకపోతే అతని పేరు చెడగొడుతూ పక్క షెడ్డుకు వస్తుంది. పెళ్ళి గురించి, చదువు గురించి, పెట్టుబడి గురించి మనకు సలహా ఇచ్చేవాళ్ళలో ఫలితం తమ గుమ్మం ముందుకు వచ్చి నిలబడేవాళ్ళు ఎంతమంది? ‘మా రోజుల్లో’ అని మొదలయ్యే మాటకు షరతు ఉండదు, కారణం ఉండదు, జవాబుదారీ అసలే ఉండదు. అప్పటి జీతాలు, అప్పటి ఉమ్మడి ఇల్లు, అప్పటి అద్దెలు దాని తడికట్టెలు, వాటిని ఎవరూ ప్రస్తావించరు.

మేస్త్రీలను నెత్తిన పెట్టుకోవాలని ఇదంతా చెప్పడం లేదు. షెడ్లలోనూ మూఢత్వం ఉంది. టైరును రాడ్డుతో కొట్టి గాలి సరిపోయిందని తేల్చడం అందులో ఒకటి. పూర్తిగా దిగిన టైరును ఆ శబ్దం పట్టిస్తుంది, జంట టైర్లలో లోపలిదానికి గాలి ఐదో వంతు తగ్గితే పట్టించలేదు, గేజీ పెట్టాల్సిందే. ఇంతకంటే పెద్ద లోపం మరొకటి. మేస్త్రీ జవాబుదారీ బండి దగ్గర, యజమాని దగ్గర ఆగిపోతుంది. యూరియా వ్యవస్థను తప్పించి బండి నడిపే మార్గం చూపించేవాడి మాట బండి వరకు పనిచేయొచ్చు. దాని వెనక స్కూటర్ మీద పొగ పీల్చేవాడు ఆ లెక్కలో లేడు. ఆప్తుడు ఎవరికి ఆప్తుడన్న ప్రశ్న భాష్యకారుడు వదిలేశాడో లేదో పండితులు చెప్పాలి కానీ, మనం మాత్రం వదలకూడదు.

చివరి అభ్యంతరం డ్రైవర్ది, దానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. సలహా అంతా బాగానే ఉంది, పాటించే వీలెక్కడ? పరిమితి మించిన లోడుకు చట్టం ఇరవై వేల రూపాయల జరిమానా, ఆపైన టన్నుకు రెండు వేలు వేస్తుంది. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం పని గంటలను రోజుకు ఎనిమిదిగా నిర్ణయించింది. కానీ లోడు ఎంత వెయ్యాలో, ఎన్నింటికి చేరాలో నిర్ణయించేది స్టీరింగ్ ముందు కూర్చున్నవాడు కాదు. ఇంత మైలేజీ రావాలని లెక్కగట్టి డీజిల్ డబ్బు ఇచ్చి, మిగిలింది నీదే, తగ్గింది నీదే అన్నప్పుడు న్యూట్రల్ కోసం గేరు నాబ్ మీద చెయ్యి వేయించింది యజమాని లెక్కల పుస్తకం. మేస్త్రీ తన సలహాను డ్రైవర్‌కు చెబుతున్నాడు, చెప్పాల్సింది ఓనరుకు. లారీ యజమానులు ఘాట్ రూట్లకు మైలేజీ లెక్క తీసేసి, ట్రిప్పుకు ముందు బ్రేకులు, గాలి, నట్లు చూసుకోవడానికి పట్టే సమయానికి కూడా బత్తా ఇవ్వాలి. ఆ పని చేయనంతకాలం, బ్రేకులు ఫెయిలై లోయలో పడిన లారీ వార్తలో ‘డ్రైవర్ నిర్లక్ష్యం’ అని రాయడం అబద్ధం.