వేదికమీద నిలిచిన స్త్రీ



క్రిస్మసు నాటకములో మరియ పాత్ర ఎవరికి ఇయ్యవలెను? చిన్న ప్రశ్నవలెనే కనబడును గాని, మన కర్నూలు, కడప పల్లెల సంఘములలో దీనిమీద మాటామాటా పెరుగుట కలదు. ఆడుపిల్ల నలుగురిలో వేషము వేయరాదని పెద్దల వాదము. అందుచేత మీసము రాని కుర్రవానికి చీర కట్టి, ముసుగు వేసి నిలువబెట్టుదురు. పైగా ద్వితీయోపదేశకాండము 22:5 చూపుదురు. పురుషుడు స్త్రీ వేషము ధరింపరాదను మాటయు ఆ వచనములోనే యున్నది గదా!

ఈ చిక్కు ఇంగ్లాండు దేశములోను కలిగెను. షేక్స్‌పియరు కాలమున అక్కడి నాటకశాలలలో స్త్రీ పాత్రలను బాలురే ధరించిరి. ఆయన వ్రాసిన 'వెనిసు వర్తకుడు'లో పోర్షియా అను స్త్రీ, న్యాయవాది వేషముతో సభకు వెళ్లి ఒకని ప్రాణము కాపాడును. అనగా బాలుడు స్త్రీ కావలెను, ఆ స్త్రీ మరల పురుషుడు కావలెను. స్త్రీకి అంత తెలివి కలదని ఒప్పుకొనిన వేదిక, ఆమె నోటిని మాత్రము ఒప్పుకొనలేదు. భక్తిపరులైన ప్యూరిటనులు పై వచనము చూపియే నాటకములను ఖండించిరి. 1642లో నాటకశాలలు మూయబడెను. 1660లో రాజరికము తిరిగి వచ్చిన పిమ్మటనే స్త్రీలు ఆ వేదిక నెక్కిరి.

అంత దూరమేల? మన కడప జిల్లా సురభి గ్రామములో 1885లో వనారస గోవిందరావుగారు 'కీచకవధ' ఆడించిరి. వీరి పూర్వులు తోలుబొమ్మలాటవారు. ఆ ఆటలో ఆడుబొమ్మకు ఇంటి ఆడువారే తెర వెనుకనుండి గొంతు నిచ్చుట వాడుక. కాబట్టి తెర ముందుకు వచ్చుట వారికి వింత కాలేదు. ఇతర సమాజములవారు మగవారికే చీరలు కట్టుచున్న ఆ దినములలో, సురభివారి భార్యలును కోడండ్రును కూతుండ్రును తామే వేషములు వేసిరి. మగ పాత్రలను సహితము ధరించిరి. తాడిపత్రిలో పుట్టి బళ్లారిలో ప్లీడరైన రాఘవగారు (1880–1946) కూడ, స్త్రీ పాత్రను స్త్రీయే ధరింపవలెనని పట్టుబట్టి, చదువుకొన్న కుటుంబముల స్త్రీలను వేదిక యెక్కించిరి. ఇదంతయు మన ఎండసీమలోని సంగతియే.

అయినను ఒక పెద్దాయన నన్ను అడిగెను: "అయ్యగారూ, నలుగుర్లో నిలబడి మాట్లాడిన పిల్లను రేపు ఎవరు చేసుకుంటారు? కట్నం ఇంకా ఎక్కువ అడగరా?"

ఆయన భయము పాపమును గూర్చినది కాదు, బేరమును గూర్చినది. కాళ్లకూరి నారాయణరావుగారి 'వరవిక్రయము' నాటకములో ఈ బేరమే కథ. తండ్రి కట్నము పోసి వరుని కొనుచుండగా పెద్దకూతురు కాళింది ప్రాణము తీసికొనును. చెల్లెలు కమలయో, డబ్బిచ్చి కొన్న మగడే తన యింటికి రావలెనని నిలుచును. అటువంటి కన్యల మాటలనుకూడ మన వేదికలమీద ఎన్నో యేండ్లు మగవారే పలికిరి! 1961లో వరకట్న నిషేధ చట్టము వచ్చినది. బేరములు మాత్రము మన విశ్వాసుల యిండ్లలోను ఆగలేదు.

ఆ పెద్దాయనకు నేను సంఖ్యాకాండము 27 చదివి వినిపించితిని. సెలోపెహాదు కుమార్తెలు ఐదుగురు, కొడుకులు లేని తమ తండ్రి స్వాస్థ్యము కొరకు ప్రత్యక్షపు గుడారము ఎదుట, మోషే యెదుట, సర్వసమాజము ఎదుట నిలిచి తమ నోటితోనే అడిగిరి. మోషే వారిని గద్దింపలేదు. వారి వ్యాజ్యెమును దేవుని సన్నిధికి తీసికొనిపోయెను. వారు చెప్పినది న్యాయమేనని దేవుడు సెలవిచ్చెను. వారి పెండ్లిండ్ల సంగతి 36వ అధ్యాయములో నున్నది: తమ గోత్రములో ఇష్టమైనవారిని చేసికొనవచ్చునని వారికి సెలవు కలిగెను. ఐదుగురికిని వివాహములైనవి, తండ్రి పొలమును నిలిచినది.